జగన్ కథలో నేను చెప్పని సగం

కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోకముందు నేనూ జగనూ అక్కడ హమాలీలం. మామిడి కాలం వస్తే మార్కెట్టంతా గడ్డి వాసన, పండు వాసన. ఇప్పటికీ ఆ రోడ్డున దిల్‌సుఖ్‌నగర్ వైపు పోతుంటే నా ముక్కు దాన్ని వెతుక్కుంటుంది. ఆ రోజులంటే నాకు ప్రాణం.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చుంటే మావాళ్లు జగన్ కథ అడుగుతారు. వాడొకసారి మేస్త్రీకి దొరక్కుండా మందు సీసాను మామిడి గంపలో గడ్డి కింద దాచాడు. తిరిగొచ్చేసరికి ఆ గంప వేలం పాటలో అమ్ముడుపోయి ఆటో ఎక్కింది. చెప్పుల్లేకుండా ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా ఆటో వెంట ఉరికి, సీసాతోనే తిరిగొచ్చాడు మహానుభావుడు. ఆ పరుగు నేను లేచి చేసి చూపిస్తే ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వుతారు. అందరికంటే ఎక్కువ మా అబ్బాయి ప్రేమ్ కుమార్ నవ్వేవాడు.

మొన్న వాడి కాలేజీ బ్యాగు ఉతకబోయిన నా భార్య ఎలీశమ్మకు అడుగున గంజాయి పొట్లం దొరికింది. నేను చెయ్యెత్తాను. వాడు బెదరలేదు.

"జగన్ అంకుల్ చేస్తే నవ్వుతవు గద డాడీ. నేను చేస్తే కొడ్తవా? అసలు ఆయన ఇప్పుడు ఏడున్నడు?"

ఎవరడిగినా ఊరికి పోయాడని చెప్పేవాణ్ణి. ఆ రోజు ఆ అబద్ధానికి నోరు రాలేదు. చెయ్యి దించాను.

"సచ్చిపోయిండు బిడ్డా. ముప్పై రెండేండ్లకే. లివర్ ఖరాబై దవాఖానల పడ్డడు. ఇంక చుక్క తాగినా బతకడని డాక్టర్ చెప్పిండు. 'యెహెజ్కేలూ, ఒక్కసారి తెచ్చియ్యిరా, నీ కాళ్లు మొక్కుత' అని ఏడ్చిండు. దోస్తు గద అని సీసా తీస్కపోయిన."

"లోపలికి ఎట్ల పోనిచ్చిన్రు?"

"పండ్ల గంపల పెట్టిన. గడ్డి కింద."

నేను సీసా ఇచ్చిన మూడో రోజు జగన్ పోయాడు. ఎలీశమ్మకు కూడా ఆ మాట తెలియడం అదే మొదలు. పొట్లం తీసుకెళ్లి మోరీలో పారబోసింది. చెప్పుకోలేకనే ఇన్నేళ్లూ అందరినీ నవ్వించాను.

తర్వాతి ఆదివారం ప్రేమ్ తన ఇద్దరు దోస్తులను భోజనానికి పిలుచుకొచ్చాడు. ఆ పొట్లం ఎవరితో పంచుకునేవాడో నాకు అర్థమైంది. మా బామ్మర్ది అలవాటుగా "బావా, జగన్ కథ చెప్పు" అన్నాడు.

"మొత్తం చెప్పు డాడీ," అన్నాడు ప్రేమ్.

ఈసారి నేను లేచి ఉరికి చూపించలేదు. కూర్చునే, దవాఖాన దాకా చెప్పాను.