చెంచులక్ష్మి ఎక్కిన విమానం

సౌదీలో అల్ ఖర్జ్‌లోని ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది చెంచులక్ష్మి. ఏలకులు దంచి అరబ్బీ కాఫీ గహ్వా కాచి ఫ్లాస్కులో పోసేది. పళ్ళెంలో ఖర్జూరాలు పేర్చి పెద్దమేడం హెస్సా గదిలో పెట్టేది. ఆ తర్వాత పిల్లల టిఫిన్ డబ్బాలు, వాకిట్లో ఇసుక, బాత్రూములు, మధ్యాహ్నానికి పన్నెండు మందికి వంట. రాయచోటి పక్క పల్లె నుంచి రెండేళ్ళకని వచ్చిన మనిషి. ఇది నాలుగో ఏడు.

ఇంటికి పోయే కాగితం, ఫైనల్ ఎగ్జిట్, అడిగినప్పుడల్లా హెస్సా కొడుకు ముసాయిద్ దగ్గర ఒక జవాబు ఉండేది. రంజాన్ అయ్యాక అనేవాడు, హజ్ అయ్యాక అనేవాడు, నీ బదులు ఇంకో మనిషి దొరికాక అనేవాడు. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంది. ఎగ్జిట్ అతని ఫోనులో ఒక్కసారి నొక్కితే వచ్చేదే. ఆ నొక్కడానికే అతనికి తీరిక దొరకలేదు. చెంచులక్ష్మి కూతురు శ్రీలత మొదటి కాన్పు ఆయమ్మ లేకుండానే జరిగింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు శ్రీలతకు మళ్ళీ ఎనిమిదో నెల.

ఆ గురువారం పొద్దున చెంచులక్ష్మి గిన్నెలు తోముతుంటే ఫోను మోగింది. ఎడారిలో ఒంటెలు కాసే ఖాదర్ మొహిద్దీన్. అతనిదీ రాయచోటే.

"చెంచమ్మా, మీ పెద్దమేడంకు చెప్పు. ఇమానం మా ఒంటెల తొట్టి కాడికొచ్చి నిలబడుండాది. రెండు దినాలాయ. మళ్ళా యాటికన్నా పోకముందే రాండి."

చెంచులక్ష్మి చేతులు తుడుచుకుంటూ పోయి చెప్పింది. హెస్సా గహ్వా కప్పు కింద పెట్టి లేచి నిలబడింది. హెస్సా తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమె తండ్రి ఆ విమానంలో పోయాడు. ఇసుకలో సర్వే చేసేవాళ్ళకు దారి చూపించే పని ఆయనది. తుఫానులో విమానం కూలింది, ఎవరూ తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆ విమానం ఒకచోట ఉండదు. చలికాలం వానలు పడ్డాక కదులుతుంది. మేత ఎక్కడ బాగుందని అడిగినట్టే, ఈ ఏడు అది ఎక్కడుందని కాపరులు ఒకరినొకరు అడుగుతారు. రియాద్ నుంచి పెద్ద పెద్ద బండ్లేసుకుని వచ్చే కుర్రకారు దాని చోటు గుర్తు పెట్టుకుని పోతారు, మరుసటి వారం వస్తే అక్కడ చక్రాల జాడ తప్ప ఏమీ ఉండదు. హెస్సా పదకొండు సార్లు వెతికింది. పదకొండు సార్లూ అది పోయాకే చేరింది.

"కారు తాళాలు తే చెంచూ. నువ్వూ రా."

ముసాయిద్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, నీకు డెబ్బై ఏళ్ళు. ఎడారిలో నడుపుతావా?"

"లైసెన్సు తీసుకున్న రోజూ ఇదే అడిగావు. జరుగు."

"పనిమనిషి ఎందుకు? ఇంట్లో వంటెవరు చేస్తారు?"

"ఆకలేస్తే నువ్వే చేసుకో" అని హెస్సా అతని భుజం పక్కనుంచి దూరి బయటికి పోయింది. చెంచులక్ష్మి ఆమె వెనకే నడిచింది. నాలుగేళ్ళలో ముసాయిద్ ముందు తల వంచకుండా గుమ్మం దాటడం ఆయమ్మకు అదే మొదటిసారి.

తారురోడ్డు అయిపోయిన చోట హెస్సా బండి ఆపి టైర్లలో గాలి తీయమంది. చెంచులక్ష్మి పుల్లతో వాల్వు నొక్కి పట్టుకుంది. గాలి బుస్సుమంటూ పోయి టైర్లు చపాతీల్లా పరుచుకున్నాయి. ఆ పైన అంతా ఎర్ర ఇసుకే. ఒక దిబ్బ ఎక్కబోయి సగంలో కూరుకుపోయారు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడారు, చక్రాల కింద రబ్బరు పట్టాలు పరిచారు. హెస్సా పైన తొడుక్కున్న నల్లటి అబాయా అంచు చిరిగింది. ఆమె చిరిగిన గుడ్డను ఒక్క లాగుతో పీకి పక్కన పడేసి మళ్ళీ స్టీరింగు పట్టుకుంది.

"పట్టుకో!" అంది. బండి గర్జిస్తూ దిబ్బ మీదికెక్కి అవతలికి జారింది.

విమానం అక్కడే ఉంది. రెక్కల మీద రంగంతా రాలిపోయి వెండి గిన్నె మాదిరి మెరుస్తోంది. ఒక పంఖా వంగిపోయింది. ఒంటెలు దాని నీడలో పడుకున్నాయి. ఖాదర్ మొహిద్దీన్ తొట్టిలో నీళ్ళు పోస్తూ చెయ్యి ఊపాడు.

హెస్సా నిదానంగా పోయి దాని పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత ముందువైపు కిటికీ లోపలికి తొంగి చూసి, "నాన్నా, నేను హెస్సాను" అంది. ఆ పైన ఏం మాట్లాడుకున్నారో వినకుండా చెంచులక్ష్మి, ఖాదర్ పక్కకు జరిగారు.

"ఇదెందుకన్నా ఇట్లా తిరుగుతాండాది?" అని అడిగింది చెంచులక్ష్మి.

"ఎక్కించుకున్నోళ్ళను దించలేకపోయింది గదా అప్పుడు. ఆ పంతం దానికి. ఇప్పుడెవురన్నా ఎక్కి కూర్చుంటే, వాళ్ళు ఇంటికి చేరేదాకా వదిలిపెట్టదు."

"మరి నువ్వెందుకు ఎక్కలే?"

ఖాదర్ తొట్టిలోకే చూస్తూ అన్నాడు. "నాకు ఆడ ఎవురుండారమ్మా? నా ఒంటెలే నాకు ఇల్లు."

చెంచులక్ష్మి విమానం వైపు నడిచింది. చెంగు నడుముకు బిగించి, తుప్పుపట్టిన మెట్టు మీద కాలు పెట్టి లోపలికెక్కింది. సీట్లు రెండే మిగిలాయి. కిటికీ పక్క సీట్లో ఇసుక దులిపి కూర్చుంది. బెల్టు కూడా పెట్టుకుంది. "రాయచోటి" అని గట్టిగా చెప్పింది, బస్సులో కండక్టరుకు చెప్పినట్టు.

కిందినుంచి హెస్సా చూసింది. విమానం కదల్లేదు, చెంచులక్ష్మి దిగొచ్చి కారెక్కింది. తిరుగుదారిలో హెస్సా, "నా కొడుకు నిన్ను ఇన్నాళ్ళు ఆపుతుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాది కూడా" అంది.

ఆదివారం పొద్దున ముసాయిద్ ఆఫీసుకు బయల్దేరి గేటు తీస్తే ఎదురుగా విమానం ముక్కు ఉంది. ఒక రెక్క ప్రహరీ మీద ఆనింది, తోక ఎదురింటి దాకా ఉంది. అతని రెండు కార్లూ లోపలే చిక్కుకుపోయాయి. క్రేను పిలిపించాడు. తాళ్ళు తెగాయి, విమానం అంగుళం కదల్లేదు. మునిసిపాలిటీ ఆఫీసు బలదియా నుంచి ఒక ఉద్యోగి వచ్చి చుట్టూ తిరిగి చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"మీ ఇంట్లో ఎవరెక్కారు?" అని అడిగాడు.

"నేనే" అంది చెంచులక్ష్మి, ఉల్లిపాయల బుట్ట చంకన పెట్టుకుని.

"అయితే ఈమెను పంపించెయ్యండి. మా దగ్గర వేరే దారి లేదు" అని అతను ముసాయిద్‌తో చెప్పి వెళ్ళిపోయాడు.

ముసాయిద్ మొదట జీతం పెంచుతానన్నాడు. ఆయమ్మ గేటు పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ ఉంది. తర్వాత గొంతు పెంచాడు. "పారిపోయావని హురూబ్ పెడతాను. జైల్లో కూర్చుంటావు."

"పెట్టు. ఈడనే, మీ గేటు కాడనే కూర్చోనుండా గదా. పారిపోయినానని పోలీసులకు ఎట్లా చూపిస్తావు?"

"దాన్ని పొమ్మను!"

"నేను పిలవలే. నేను పొమ్మనను. నా పాస్‌పోర్టు ఇయ్యి."

ఆ రోజునుంచి ఆయమ్మ లోపలికి పోయి పని చెయ్యలేదు. రెక్క కింద చాప పరుచుకుని కూర్చుంది. హెస్సా తన పళ్ళెం తెచ్చుకుని పక్కనే కూర్చుని తినేది. ఎదురింట్లో పనిచేసే సల్మా, కాకినాడ వైపు మనిషి, చెత్త పారెయ్యడానికి వచ్చిన వంకతో టీ తెచ్చిచ్చేది. "అక్కా, ఆయన కొట్టించేస్తాడేమోనండి, నాకు భయంగా ఉంది" అనేది. "నాకు నాలుగేండ్లు భయముండె. ఇప్పుడు ఆయప్ప వంతు" అని చెంచులక్ష్మి టీ ఊదుకుని తాగేది. ఇరుగుపొరుగు వచ్చి ముసాయిద్‌ను పలకరించి, రెక్క కింద వంగి దాటుకుంటూ పోయేవాళ్ళు. అతను ఆఫీసుకు టాక్సీలో పోయి టాక్సీలో వచ్చేవాడు. టాక్సీవాళ్ళు కూడా, "ఇంకా పంపలేదా?" అని అడిగేవాళ్ళు.

ఐదో రోజు మధ్యాహ్నం ముసాయిద్ బయటికొచ్చాడు. తల్లి వైపు చూడలేదు. ఫోను తీసి నొక్కాడు. ఎగ్జిట్ కాగితం, టికెట్టు, పాస్‌పోర్టు చాప మీద పెట్టాడు.

"చేత్తో ఇయ్యి" అంది చెంచులక్ష్మి.

వీధిలో జనం చూస్తున్నారు. అతను వంగి, మూడింటినీ ఏరుకుని ఆయమ్మ చేతిలో పెట్టాడు. ఆయమ్మ పాస్‌పోర్టు తెరిచి తన ఫోటో చూసుకుంది. నాలుగేళ్ళ కిందటి మొహం. ఇంత బెదురుగా ఉండేదాన్నా నేను అనుకుంది.

హెస్సా కారు వీధిలోనే ఉంది. ఆమె ఇంజను ఆన్ చేసి హారన్ కొట్టింది. చెంచులక్ష్మి బ్యాగు ఎత్తుకుని, ఎదురింటి గేటు దగ్గర ఆగింది. సల్మా చెత్తబుట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వచ్చి మూడేళ్ళు దాటింది, ఆమె పాస్‌పోర్టూ ఎవరి బీరువాలోనో ఉంది.

"సల్మా, నేను పోయినాక సీటు ఖాళీనే. కిటికీ పక్కది. బెల్టు కొంచెం బిగుతుగా ఉంటాది, గట్టిగా లాగు."

కారు మలుపు తిరిగేటప్పుడు చెంచులక్ష్మి వెనక్కి చూసింది. సల్మా చెత్తబుట్ట కింద పెట్టేసింది. చున్నీ నడుముకు కట్టుకుని విమానం మెట్టు మీద కాలు పెడుతోంది. ఆమె గొంతు వీధంతా వినబడింది.

"కాకినాడండి! కాకినాడ!"