గాలి నింపని ఆపరేషన్

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది, రెండువేల తొమ్మిది. అంతకుముందే నా మూడో కాన్పులో రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకో కాన్పయితే తల్లి మీద ఆశ పెట్టుకోవద్దని మా ఆయన సుధాకర్‌తో చెప్పారు. నాకూ వినపడింది. అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. నారాయణఖేడ్‌లో పిల్లలు కాకుండా చేసే క్యాంపు ఉందనగానే మా అత్త సంగమ్మతో, ఎనిమిది నెలల పిల్లతో మనూర్‌లో ఆటో ఎక్కాను. అదే ఆటోలో మా ఊరి ఆడవాళ్లు ఇంకో నలుగురు.

దుర్బీన్ ఆపరేషన్ అన్నారు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం, అందులోంచి గొట్టంతో చూస్తారు, సాయంత్రానికి ఇంటికి. నర్సు గ్రేసమ్మ మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, కడుపులోకి గాలి నింపుతారని, అయిపోయాక అదంతా బయటికి వదులుతారని చెప్పింది.

"ఆ గాలి సారు ముఖానికే కొడ్తది. మీకు ఫ్లూ ఉంటే సారుకు అంటదో లేదో ఎవరికెరుక. దగ్గున్నోళ్లు ఇప్పుడే లేచి పోండ్రి."

ఎవరూ లేవలేదు. మూడు రోజులుగా మా ఊళ్లో ఇంటింటా దగ్గే. అందుకే అత్త ఆటోలోనే తలా రెండు లవంగాలు బుగ్గన పెట్టించింది.

దేవానందం డాక్టరు గుమ్మంలోనే ఆగి వాసన పీల్చాడు.

"ఖాళీ కడుపుతోని రమ్మంటే బిర్యానీ తిని వచ్చిన్రా? ఇగ పోండ్రి అందరు."

అత్త గోడను చూసింది. నేను లవంగాలు చేతిలోకి ఉమ్మి చూపించాను.

"తినలే సారూ. దగ్గు."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. తక్కినవాళ్లూ ఉమ్మారు. గ్రేసమ్మ అందరికీ జ్వరం చూసింది. ఎవరికీ లేదు. అయినా తన ఇంట్లోనూ చంటిపిల్ల ఉందని, దగ్గే కడుపుల్లో గాలి నింపనని డాక్టరు అన్నాడు. కావాలంటే కోసి చేస్తాడట. కోస్తే గాలి పని లేదు. కానీ ఏడు రోజులు కుట్లు, పిల్లను ఎత్తుకోవద్దు. లేదంటే మూడు నెలలకు మళ్లీ క్యాంపు.

నలుగురూ మళ్లీ వస్తామని లేచారు. మూడు నెలలు సుధాకర్‌ను నమ్మి ఉండలేను. కోతే అన్నాను.

కడుపు మొద్దుబారేందుకు సూది ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. డాక్టరు రెండు మాస్కులు కట్టుకుని, దగ్గు వచ్చేముందు చెప్పమన్నాడు. చెప్పాను. చెప్పినప్పుడల్లా చేతులు పైకెత్తి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఐదుసార్లు తిప్పుకున్నాడు. ఆరోసారి దగ్గు వచ్చేసరికి ఆయన పిల్లలు పుట్టకుండా నాళానికి ముడి వేస్తున్నాడు. చెప్పకుండా మింగేశాను.