ఆరు రేకుల విష్ణుక్రాంతం

ఉండ్రాళ్ళ గిన్నె అడుగంటిపోయింది. వినాయక చవితి పూట, స్నానాలు చేసి అందరూ పూజకి కూర్చునే వేళకి, సెక్టర్ 7లో మా స్టీలు ప్లాంటు క్వార్టరంతా మాడు వాసన. నేను పెరట్లో పూలు చూస్తూ ఉండిపోయాను. ఇల్లాలు బయటికి చెప్పుకోదగ్గ కారణమేనా ఇది?

మామూలు పూలైతే నాకూ అంత ధ్యాస ఉండేది కాదు. విష్ణుక్రాంతం నేలబారు మొక్క, జ్ఞాపకశక్తికి మందు. నీలం పువ్వు, ఐదు రేకులు. మా గోడవార మొలిచిన ఒక్క దుబ్బు మాత్రం ఈ వానల్లో తెల్లగా పూసింది, అక్కడక్కడా ఆరు రేకులతో. నాతో బీఎస్సీ చదివి, ఇప్పుడు దుర్గ్‌లో బోటనీ పాఠాలు చెబుతున్న శ్రీవిద్యకి ఫొటోలు పంపాను. "గింజ ముదిరేదాకా కదపకే ఛాయా! ఆ గింజలు వేసి, మళ్ళీ ఇలాగే పూస్తాయేమో చూద్దాం. రోజూ నువ్వే కనిపెట్టుకుని ఉండాలి" అంది. వంట కాని పని నన్నొకరు అడిగి ఎన్నేళ్ళయిందో! ఆ పూలు మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతాయి. అందుకే మా ఆయన మనోహర్‌కి డ్యూటీకి అన్నం డబ్బా కట్టే వేళకే దొంగచాటుగా పెరట్లోకి పోయేదాన్ని. కూరలో ఉప్పు మరిచిన ప్రతిసారీ తలొంచుకునేదాన్ని.

ఇవాళ మా అత్తగారు అచ్చమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "దేవుడి ప్రసాదం మాడ్చీసి అక్కడేటి చూస్తన్నావే? పత్రిలో విష్ణుక్రాంతం లేదు, అదైనా పట్రా" అన్నారు. ఆయన పీట మీంచే, "కలుపు మొక్కకి కాపలా కాస్తోందమ్మా. పనా పాటా, కామ్ ధందా ఏమీ లేదు కదా" అని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. రెమ్మ తుంచితే సరిపోయేది. నా మీద నాకే కోపమొచ్చి, దుబ్బుని వేళ్ళతో సహా పీకేశాను.

చేతికి మన్ను అంటాక గాని ఏం చేశానో తెలియలేదు. శ్రీవిద్యకేం చెప్పను? ఆవు తినేసిందననా? ఉండ్రాళ్ళు మాడితే మళ్ళీ వండగలను. దీన్ని మళ్ళీ ఎక్కణ్ణించి తేను? ఇంట్లోవాళ్ళ దగ్గర పడే సిగ్గు నాకు అలవాటే. ఈ తప్పు మాత్రం కొత్త. మళ్ళీ నాటితే బతుకుతుందేమోనని దుబ్బు వేళ్ళకి తడిగుడ్డ చుట్టి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పీట పక్కన కూర్చున్నాను.

ఆయన పుస్తకం చూసి చదువుతూ చెయ్యి చాపుతారు, నేను ఒక్కో పత్రం అందిస్తాను. పెళ్ళయినప్పట్నుంచీ ఇంతే. మాచీపత్రం ఇక్కడ దొరకదు, దాని బదులు అక్షతలు వేశారు. మారేడు, గరిక, ఉమ్మెత్త, తులసి, గన్నేరు అందించాను.

"విష్ణుక్రాంత పత్రం పూజయామి" అంటూ చెయ్యి చాపారు.

నేను కదల్లేదు. దేవుడికని పీకినది దాచుకోవడం పాపమే కావచ్చు.

"ఏటే, తెచ్చావు కదా!" అన్నారు అత్తగారు.

"తెచ్చాను అత్తయ్యా. ఇవ్వను" అని, ఆయన అరచేతిలో అక్షతలు పోశాను.