వెలుతురు తినే వాచీ

వాచీని బీరువాలో పెట్టే పని మస్తానమ్మది. రోజూ పొద్దున వేలంపాట అయిపోయాక పోలేరయ్య కుంటుకుంటూ ఇంటికొచ్చి, నులక మంచం మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపుతాడు. మణికట్టుకు కట్టిన చేతిరుమాలు ముడి ఆమె విప్పుతుంది. కింద ఉన్న వాచీని తీసి, కొంగుతో తుడిచి, తన పెళ్లినాటి పట్టురవిక గుడ్డలో చుట్టి, బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టి తాళం వేస్తుంది. మళ్లీ తెల్లవారేదాకా దాన్ని ఎవరూ తాకడానికి లేదు. ఉప్పుగాలి గోడలో మేకునే మిగల్చదు, వాచీని మిగులుస్తుందా? కిందటేడు దాని చైను పిన్ను తుప్పుపట్టి ఊడి, వాచీ ఇసకలో పడింది. అప్పటి నుంచీ ఈ జాగ్రత్త మొదలైంది.

వాళ్ల పాలెం జువ్వలదిన్నెకు కాస్త దక్షిణంగా, సముద్రం ఒడ్డునే ఉంది. అక్కడ పొద్దున ఆరింటికి గంట కొడతారు. గంటకు ముందు ఇసక తాకిన బోటు చేపలే మొదటి పాటకు వస్తాయి. ఐసు పెట్టెలతో వచ్చే లారీల వాళ్లు కొనేది ఆ పాటలోనే. గంట దాటాక వచ్చిన బోటు ఎంత చేప తెచ్చినా రెండో పాటదాకా ఆగాలి. అప్పటికి లారీలు వెళ్లిపోయి మస్తానమ్మ లాంటి గంపల వాళ్లే మిగులుతారు. గంపల వాళ్లు ఎంతని కొంటారు? అందుకే గంట తాడు పట్టుకున్న మనిషి మీద ఊరందరికీ ఒక కన్నుంటుంది.

నాలుగేళ్ల కిందట అలల్లో బోటు తిరగబడి పోలేరయ్య మోకాలు నలిగిపోయింది. ఇక వేటకు పోలేడని తేలాక బోట్ల సంఘం వాళ్లు గంట తాడును అతని చేతికిచ్చారు. కూలి లేదు. ప్రతి బోటూ ఒక చేపను అతని బుట్టలో వేసిపోవాలి. దాన్ని గంటచేప అంటారు. ఆ చేపలు ఇంట్లో కూరకు వస్తాయన్నది నిజమే గాని, మొగుడు పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరేది చేపల కోసం కాదని మస్తానమ్మకు తెలుసు. మోకాలు పోయిన తొలి ఆరు నెలలు గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని ఆమే చూసింది.

వాచీ ఆ మరుసటి ఏడు వచ్చింది. పోలేరయ్య అన్న కొడుకు మధుబాబు సరుకు ఓడల్లో పనిచేస్తాడు. జపాన్ రేవులో కొని తెచ్చి బాబాయి చేతికి పెట్టాడు. దీనికి బ్యాటరీ మార్చే పని లేదన్నాడు, వెలుతురుంటే చాలన్నాడు, ప్రతి రాత్రీ రేడియో మాదిరి టైము పట్టుకుని దానంతటదే సరిచేసుకుంటుందన్నాడు. వెలుతురు మాట ఆ చెవిన పడి ఈ చెవిన పోయింది. రేడియో మాట మాత్రం పోలేరయ్య మనసులో పాతుకుంది. ఊళ్లో ఎవరు కనబడినా ఆకాశంలోంచి టైము దిగే వాచీ అని చెప్పేవాడు. ఎవడైనా ఫోను చూసి, ఆరైంది కదా పోలేరన్నా అంటే, నీ ఫోను భూమ్మీది టైము చెప్తాది, నాది పైటైము అని నోరు మూయించేవాడు. ఆ మాట మీద మూడేళ్లు గడిచిపోయాయి. ఊరు కూడా ఆ వాచీతోపాటే నడిచింది.

తగవు ఒక గురువారం నాడు వచ్చింది. ఓబయ్య బోటు ఆ రోజు నిండుగా రొయ్యలతో వచ్చి గంటకు కాస్త ముందు ఇసక తాకింది. అన్ని రొయ్యలు ఒక్కసారి పాటలోకి రావడంతో ధర పడిపోయింది. సంఘం కార్యదర్శి వినోద్ ముప్పై ఏళ్లవాడు, అతనికీ ఒక బోటుంది, ఆ రోజు అతను తెచ్చినవీ రొయ్యలే. ఓబయ్య బోటు ఒడ్డు తాకేటప్పుడు ఫోనులో వీడియో తీశానని, అందులో టైము ఆరూ రెండని అందరికీ చూపించాడు. గంట మోగింది ఆరూ నాలుగుకి. అంటే ఓబయ్య రెండో పాటకు పోవాల్సినవాడు. ఆదివారం సంఘం కూర్చుని ఈ సంగతి తేలుస్తుందనీ, గంట తీసేసి సైరను పెట్టుకుందామనీ వినోద్ చెప్పి వెళ్లాడు.

పోలేరయ్య అరవలేదు. ఇంటికొచ్చి చెయ్యి చాపాడు.

"ఆదివారం గంగమ్మ ముందర కర్పూరం ఆర్పుతా మే" అన్నాడు. "మూడేళ్లల్లో ఈ వాచీ ఒక్కనాడూ తప్పు టైము చెప్పలేదని చేత్తో ఆర్పుతా. అప్పుడేమంటారో చూస్తా."

మస్తానమ్మ పుట్టింట్లో కర్పూరం మాట సరదాకి కూడా ఎవరూ ఎత్తరు. వెలుగుతున్న కర్పూరాన్ని చేత్తో ఆర్పి చెప్పిన మాట అబద్ధమైతే అది ఇంటిని పట్టుకుంటుందని వాళ్ల నమ్మకం. మొగుడు అబద్ధమాడే మనిషి కాదు కాబట్టి ఆ రోజు ఆమె పెద్దగా భయపడలేదు.

శుక్రవారం పొద్దున వాచీ తుడుస్తుంటే సెకండ్ల ముల్లు కంటబడింది. అది ఒక్కో అడుగూ వేయడం లేదు. కాసేపు నిలబడి ఒకేసారి రెండు అడుగులు దూకుతోంది. మళ్లీ నిలబడుతోంది. మోకాలు దెబ్బతిన్నాక మొగుడు నడిచినట్టే ఉంది. అతనికి చెబితే, వాచీని ఎవరూ విప్పకూడదు, విప్పితే పైటైము దిగడం ఆగిపోతుందని మొదలుపెడతాడు. ఆమె ఏమీ అనకుండా చుట్టి లోపల పెట్టింది.

శనివారం పాట అయ్యాక గంప నింపుకుని, వాచీని రవిక గుడ్డతో సహా నడుముకు దోపుకుని, షేర్ ఆటోలో బిట్రగుంటకూ అక్కడి నుంచి బస్సులో కావలికీ పోయింది. పోలేరయ్య పగటిపూట వాచీ అడగడు కాబట్టి సాయంత్రందాకా భయం లేదు. గంప ఖాళీ అయ్యాక వాచీలు బాగుచేసే హజరత్తయ్య బంకు ముందు నిలబడింది. బంకు అంటే నిలువెత్తు చెక్కపెట్టె, లోపల ఒక ముసలాయన, ఆయన కంటికి ఒక భూతద్దం, అంతే.

ఆయన వాచీని వెనక్కి తిప్పి చూసి, ముందుకు తిప్పి చూసి, మూత విప్పకుండానే అడిగాడు.

"దీన్ని యాడ పెడతారమ్మా?"

"బీరువాలో. పట్టుగుడ్డలో చుట్టి పెడతా" అంది మస్తానమ్మ, కాస్త గర్వంగానే.

"చేతికున్నప్పుడో?"

"ఉప్పునీళ్లు పడకుండా రుమాలు కడతాడు."

హజరత్తయ్య భూతద్దం తీసి కింద పెట్టాడు. "బిడ్డకు కూడు పెట్టకుండా పట్టుచొక్కా తొడిగినట్టుండాది మీ సాకుడు. ఇది వెలుతురు తిని బతికే వాచీ తల్లీ. ఈ డయలు కిందే సోలారు పలక ఉండాది. ముల్లు రెండేసి దూకతా ఉండాదంటే ఆకలేస్తా ఉండాదని అర్థం. ఇంకో వారం అట్నే పెట్టుంటే నిలబడిపోయుండేది."

బంకు ముందు పలక మీద, వెలుతురు పడే చోట వాచీని పెట్టాడు. కాల్చే ఇసక మీద, రేకుల మీద మాత్రం పెట్టొద్దని, అంత వేడికి లోపలిది చెడుతుందని, కిటికీలో వెలుతురు చాలని చెప్పాడు. ఉప్పునీళ్లు తగిలితే మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడవాలట. తడిగా ఉన్నప్పుడు పక్కనున్న కీ లాగకూడదట. అదంతా వింటూనే ఆమె అసలు సంగతి అడిగింది. వెలుతురు లేకపోయినా ఆకాశం నుంచి టైము దిగుతుంది కదా అని.

"ఆకాశం కాదమ్మా, టవర్లు. జపాన్లో ఉండాయి, చైనాలో ఉండాయి, జర్మనీ, అమెరికా పక్క ఉండాయి. అవి రేడియో మాదిరి టైము పంపిస్తాయి. ఆ దగ్గర్లో ఉంటే ఇది రాత్రిపూట పట్టుకుని సరిచేసుకుంటాది. మన పక్కకి ఆ రేడియో అందదు. ఈడ ఇది అన్ని వాచీల మాదిరే. నెలకు ఏడెనిమిది సెకండ్లు అటో ఇటో పోతా ఉంటాది. ఎవురైనా చేత్తో తిప్పి సరిచెయ్యాల."

"మూడేళ్లుగా ఎవురూ తిప్పలేదు."

ఆయన ఫోను తీసి వాచీ పక్కన పెట్టాడు. నాలుగు నిమిషాలు వెనక ఉంది.

గంటసేపు వెలుతురులో ఉన్నాక ముల్లు ఒక్కో అడుగూ వేయడం మొదలుపెట్టింది. ఆయన కీ లాగి టైము సరిచేసి ఇచ్చాడు. తిరుగు బస్సులో మస్తానమ్మ వాచీని చుట్టకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడిది సరైన టైమే చెబుతోంది. గుట్టుగా బీరువాలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. ఆదివారం అందరూ ఫోను పక్కన పెట్టి చూసినా సెకండు తేడా ఉండదు. వినోద్ ముఖమే చిన్నబోతుంది. గంట తాడు ఎక్కడికీ పోదు. అంతా బాగానే ఉంది, కర్పూరం ఒక్కటే అడ్డం. ఏమీ తెలియని మనిషి చేత్తో కర్పూరం ఆర్పుతాడు. తెలిసిన మనిషి తను పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. అది ఎవరిని పట్టుకుంటుంది? బిట్రగుంటలో ఆటో ఎక్కేటప్పటికి, పట్టుకునేది తననేనని ఆమెకు అర్థమైంది. ఆ తర్వాత ఇంకో మాట కూడా తోచింది. తనను పట్టుకోకపోయినా, అతను ఊరి ముందు తెలియక అబద్ధమాడుతుంటే చూస్తూ నిలబడటం తనవల్ల కాదు.

ఇంటికొచ్చి వాచీని కిటికీలో పెట్టింది. నిద్ర లేచిన పోలేరయ్య దాన్ని చూసి లేవబోతే, కూర్చోమని చెప్పి, కావలి పోయిన దగ్గర నుంచీ ఒక్క మాట దాచకుండా చెప్పింది. బీరువాలో పెట్టి దాన్ని మాడ్చింది తానేనని కూడా చెప్పింది. అతను మొదట నమ్మలేదు. హజరత్తయ్యకు కొత్త వాచీల సంగతి ఏం తెలుసన్నాడు. తరవాత చాలాసేపు కిటికీ వైపే చూశాడు.

"అయితే మధుబాబు నాకు అబద్ధం చెప్పినాడా?"

"వాడు నిజమే చెప్పినాడయ్యా. ఆ ఊళ్ల నిజం చెప్పినాడు. మనం దాన్ని ఈ ఇసకలోకి తెచ్చుకున్నాం. వెలుతురు మాట కూడా చెప్పినాడు, అది మనం ఇన్లా."

"మూడేళ్లు ఊరందరికీ చెప్పినానే" అన్నాడు పోలేరయ్య. ఆ పూట అన్నం కంచంలో అట్లాగే ఉంది.

ఆదివారం వేట లేదు. పదింటికి గంగమ్మ గుడి ముందు రేకుల పంచలో సంఘం కూర్చుంది. కర్పూరం పొట్లం పోలేరయ్య చొక్కా జేబులో ఉండటం మస్తానమ్మ చూసింది. ఆడవాళ్ల వైపు నిలబడి, నిన్న తను చెప్పినదంతా అతని తలకెక్కిందా లేదా అని ఆ జేబునే చూస్తూ ఉంది. పళ్లెం తెచ్చారు. పోలేరయ్య లేచి, మణికట్టు మీది రుమాలు విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కర్పూరం పెట్టాల్సిన చోట వాచీ పెట్టాడు.

"వినోద్ చెప్పిందే నిజం" అన్నాడు. "ఇది నాలుగు నిమిషాలు వెనక నడిచింది. ఆకాశం నుంచి టైము మన పక్కకి రాదంట. నాకు నిన్ననే తెలిసింది. తెలియక అన్ని దినాలు పెద్దమాటలు చెప్పినా. ఓబయ్యా, నీ బోటు రెండో పాటదే. నేను ఆలస్యంగా గంట కొట్టబట్టి నువ్వు ముందుకొచ్చినావ్. గంట ఎవురికిస్తారో ఇచ్చుకోండి."

వెనక నుంచి ఎవరో, అయితే పైటైము తెగిపోయినట్టేనా పోలేరన్నా అన్నారు. నవ్వులు లేచాయి. పోలేరయ్య చెవులు ఎర్రబడ్డాయి గాని తల దించలేదు. ఆ నవ్వు తనకు తగిలినంతగా అతనికి తగల్లేదేమో అనిపించింది మస్తానమ్మకు. తర్వాత ఆలోచిస్తే, తగిలినా నిలబడ్డాడని తెలిసింది.

వినోద్ గొంతు తగ్గించి, తనకు పోలేరయ్య మీద కోపమేమీ లేదని, సైరనైతే ఈ గొడవే ఉండదని అన్నాడు.

"సైరనా?" అన్నాడు ఓబయ్య. అతనికి మూడు రోజుల నుంచీ లోపల మండుతోంది. "తుపాను గాలొస్తే రెండు దినాలు కరెంటుండదు. అప్పుడు నువ్వు కూస్తావా? గంటచేప యాడేయాల దానికి, నోట్లోనా?"

ఈసారి వినోద్ కూడా నవ్వాడు. మాటలు చాలాసేపు అటూ ఇటూ నడిచాయి. సైరను సంగతి వచ్చే వేసవి వేట నిషేధం దాకా ఆపుదామన్నారు కొందరు, అప్పటిదాకా టైముకు పూచీ ఎవరన్నారు ఇంకొందరు. అప్పుడు పోలేరయ్యే వినోద్ వైపు తిరిగి, నెల నెలా ఒకటో తేదీ నాడు తన ఇంటికొచ్చి ఫోను పక్కన పెట్టి ఈ వాచీని సరిచేసిపోగలవా అని అడిగాడు. నీ ఫోను భూమ్మీదిది అని నిన్నమొన్నటిదాకా ఎగతాళి చేసిన నోటితో ఆ మాట అడగడం ఎంత కష్టమో మస్తానమ్మకు ఒక్కతికే తెలుసు. వస్తానన్నాడు వినోద్. తాడు వచ్చే నిషేధందాకా పోలేరయ్య చేతిలోనే ఉంచారు.

సోమవారం ఆరింటికి సరిగ్గా గంట మోగింది. మూడేళ్లుగా కొద్దికొద్దిగా పెరిగిన ఆలస్యానికి అలవాటుపడ్డ బోట్లు మూడు ఇంకా నీళ్లల్లోనే ఉన్నాయి. వాటిలో ఓబయ్యది ఒకటి. అక్కడి నుంచే చేతులూపి అరిచాడు. పోలేరయ్య తాడు వదిలి బండ మీద కూర్చున్నాడు. రెండో పాట అయ్యాక ఓబయ్య వచ్చి, బుట్టలో వేలెడంత చవకరకం కవళ్ల చేప ఒకటి పడేశాడు.

"నా నాలుగు నిమిషాలు నువ్వు మింగేసినావ్. నీకు ఇంతే ఈ పొద్దు."

పోలేరయ్య ఆ చేపను తోక పట్టుకుని పైకెత్తి చూసి నవ్వాడు. గురువారం తరవాత అదే మొదటి నవ్వు.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చెయ్యి చాపాడు. మణికట్టు మీద రుమాలు లేదు. మస్తానమ్మ వాచీ తీసి, రవిక గుడ్డ కొసను మంచినీళ్లలో తడిపి పిండి తుడిచి, ఆరాక కిటికీలో పెట్టింది. ఎండ నేరుగా పడుతోందని అతను లేచి, దాన్ని బెత్తెడు లోపలికి జరిపి వచ్చి పడుకున్నాడు. అతని చొక్కా జేబులోంచి తీసిన, వెలిగించని కర్పూరం పొట్లాన్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు. బీరువా తెరిచి, కలరా ఉండల పక్కన, మొన్నటిదాకా వాచీ ఉన్న చోట పెట్టి తాళం వేసింది.