బిల్లు లేని లెన్సు

మస్తాన్ కెమెరా కొత్త లెన్సులో మంచు కురుస్తోంది. పెళ్లిమండపం బెజవాడలో, మే నెల ఎండలో ఉంది. లెన్సులోంచి చూస్తే మాత్రం పందిరి మీద మూరెడు మంచు.

గుడ్డతో తుడుస్తాడు. మంచు లోపలివైపు ఉంది.

లెన్సు అమ్మిన పార్థుడికి ఫోన్ చేస్తాడు. సందులో అట్టపెట్టెల వెనక కూర్చునే మనిషి. సరుకు కంపెనీదే, ధర సగం, బిల్లు ఉండదు. సీలు చింపితే వాపసు తీసుకోడు కాబట్టి అక్కడ ఎవరూ పెట్టె తెరిచి చూడరు. మస్తానూ చూడలేదు. పైగా పాత లెన్సు మార్పిడికి ఇచ్చేశాడు.

"అన్నా, మంచు పడతంది!"

"ఒరిజినల్ కాబట్టి పడతంది. డూప్లికేటైతే పడేదా? చలిదేశంలో అమ్మాల్సిన సరుకు తమ్ముడూ, మనం దారి మళ్లించాం. ఆ సంగతి లెన్సుకేం తెలుసు?"

"మరి నా పెళ్లో?"

"నీకు పెళ్లా?"

"నేను తీసే పెళ్లి!"

ఫోన్ పెట్టేస్తాడు పార్థుడు.

కంపెనీ సర్వీసు సెంటరు మండపానికి ఎదురుగానే ఉంది. పొద్దున లేదు. కౌంటర్లో అమ్మాయి లెన్సుని చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. "అసలుదేనండి." తర్వాత మస్తాన్ నుదుటి మీద వేలితో తట్టి వింటుంది. "మీరే కాదు."

"నేనేం కాదు?"

"దీన్ని కొనాల్సిన మనిషి. ఆయన ఆ మంచులో ఎదురుచూస్తున్నారు. మీకు వారంటీ లేదు."

"నాకెందుకమ్మా, లెన్సుకి కావాలి!"

"లెన్సు బాగానే ఉందిగా."

పళ్లు కొరుక్కుంటూ మండపంలోకి పరిగెడతాడు. పెళ్లికూతురి తండ్రి వీర్రాజు ఎదురొస్తాడు. "ఎక్కడ చచ్చావయ్యా? జీలకర్ర బెల్లం ఫోటో తప్పిందో, ఈ ఊళ్లో నిన్ను ఇంకో పెళ్లికి పిలిచేవాడుండడు!"

నిజమే. ఆ క్షణం రెండోసారి పెట్టించడానికి లేదు. బాజాలు మోగుతాయి, అడ్డుతెర దిగుతుంది. మస్తాన్ కన్ను ఆనిస్తాడు. మంచులో, పెళ్లికొడుకు కూర్చోవాల్సిన చోట, ఉన్నిటోపీ తీసి చేత్తో పట్టుకుని ఎవరో తెల్లమనిషి తలవంచుకుని కూర్చున్నాడు.

పెళ్లికూతురి చెయ్యి లేస్తుంది. పెళ్లికొడుకుని దాటి, నేరుగా వచ్చి, మోచేతిదాకా లెన్సులోకి వెళ్తుంది. అవతల నెత్తిన జీలకర్ర బెల్లం మెత్తగా అద్దుతుంది.

మస్తాన్ నొక్కుతాడు. ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. అందుకే అతనికి ఒళ్లు మండుతుంది.

"నాకేం అంటలేదేంటండీ?" పెళ్లికొడుకు జుట్టు తడుముకుంటాడు.

"లగ్నం తప్పలేదు నాయనా," అంటాడు పురోహితుడు. "మనిషే తప్పాడు."

పెళ్లికూతురు చీరకుచ్చిళ్లు పట్టుకుని చేతి వెనకే లోపలికి దిగుతుంది. అక్షింతలు వెయ్యాలిగా, చుట్టాలు చెప్పులు విడిచి వరసకడతారు. పట్టుచీరలు ఒక్కొక్కటే మంచులోకి దిగుతున్నాయి. మస్తాన్ భుజాలు పీకుతున్నాయి.

"దించమాకు," వీర్రాజు ఒక కాలు లోపల పెట్టి కసురుతాడు. "భోజనాలు కాలా. ఇక్కడ చోటు చాలట్లేదు, కాస్త నీ కంటిరెప్ప వాల్చు."

వాలుస్తాడు. రెప్ప మీద నీళ్లు చిలకరించి, వరసగా అరిటాకులు పరుస్తారు.