సారమంతా చారులోనే

టైలరుకు హెర్నియా వచ్చి మూడు నెలలైంది. మిషను తొక్కితే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, తొక్కకపోతే పొద్దు గడవదు. ఆపరేషన్ అరగంట పనే. కానీ ఒంట్లో రక్తం ఎనిమిది దగ్గర ఆగిపోయింది. పది దాటితే తప్ప కత్తి పట్టనని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

ఈ కబురు అక్క చెవిన పడడమే ఆలస్యం, సంచీతో దిగిపోయింది. తమ్ముడు ఒంటికాయ శొంఠికొమ్ము, అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. అక్కకు అరవై రెండేళ్లు. నిండు బిందె రెండో అంతస్తుకు మోసుకొచ్చి, ఆయాసపడకుండా అరగంట ఉపన్యాసం దంచగల మనిషి. వచ్చీరాగానే మందుల డబ్బా చూసి మూతి తిప్పుకుంది.

"ఈ మాత్రలతో రక్తం పడుతుందట్రా? అమ్మ చేసే బోటీ చారు పెడతాను, చూస్కో."

డాక్టరు అన్నేళ్లు చదివిన చదువు ఆ ఒక్క మాటతో దండగైపోయింది. మాత్రలు సొరుగులోకి పోయాయి. మర్నాటి నుంచి పొద్దున్నే మేక పేగులు, పొట్ట, కార్జం, గుండెకాయ తెచ్చి, వేణ్ణీళ్లతో రుద్ది రుద్ది కడిగి, మిరియాలు దంచిపోసి మూడు గంటలు మరిగించేది. సారమంతా చారులోకి దిగాలట. దిగాక పలుచటి గుడ్డలో వడగట్టేది. గ్లాసుడు చారు తమ్ముడికి. గుడ్డలో మిగిలిన ముక్కలు ఉత్త పిప్పి కాబట్టి గేటు దగ్గరి కుక్కకు.

"అమ్మ నీకు సారం పోసి, నాకు పిప్పి పడేసేది," అంటూ గ్లాసు చేతికిచ్చేది రోజూ. "ఒక్క గుక్కయినా తాగమందా? ఆడపిల్లను కదా."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అందులో అబద్ధం లేదు. టైలరు సిగ్గుతో తలొంచుకుని తాగేవాడు.

నలభై రోజులు గడిచాయి. మొదట్లో పక్కటెముకలు బయటపడి ఉన్న కుక్క నిగనిగలాడుతూ వీధినేలడం మొదలుపెట్టింది. టైలరు మాత్రం తన ప్యాంట్లు తనే బిగించి కుట్టుకున్నాడు.

పరీక్ష చేస్తే రక్తం ఏడున్నర. నర్సు కాగితం చూసి, అతని మొహం చూసింది.

"ఏం తింటున్నారండీ?"

"బోటీ చారమ్మా," అంది అక్క గర్వంగా. "కార్జం, గుండెకాయ, అన్నీ వేసి."

"మంచిదేగా. ముక్కలెన్ని తింటున్నారు?"

"ముక్కలెందుకు, పిప్పి. కుక్కకేస్తాను."

నర్సు పెన్ను కింద పెట్టింది. "ఇనుమంతా ఆ ముక్కల్లోనే ఉంటుందమ్మా. చారులోకి దిగేది ఏ కాస్తో. పోన్లెండి, ఆపరేషన్ ఆ కుక్కకి చేసేద్దాం." నవ్వాపుకొని, మాత్రలు మానొద్దనీ, ముక్కలు తినమనీ, నెల తర్వాత రమ్మనీ చెప్పి పంపింది.

ఇంటికి రాగానే అక్క సొరుగు లాగి మాత్రలు బయటపెట్టింది.

మర్నాడు వడగట్టే గుడ్డ బయటికి తీయలేదు. ముక్కలన్నీ అతని కంచంలో వేసి, చారు గ్లాసులో పోసి, ఎదురుగా కూలబడింది.

"ఒరే, అంటే నేనిలా గుండ్రాయిలా ఉన్నది పిప్పి తినేనా?"

టైలరు చారు గ్లాసు ఆమె వైపు జరిపాడు. "తాగక్కా. నీ వంతు."

అక్క ఆ గ్లాసును కాసేపు చూసింది. చిన్నప్పటి నుంచి కడుపులో పెట్టుకున్న గ్లాసు. ఎత్తి, చివరి గుక్క దాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. అదే కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది.

"ఉత్త మిరియాల నీళ్లురా ఇవి. దీనికోసమా నేను అమ్మ పోయేదాకా ఆవిడతో సరిగ్గా మాట్లాడకుండా ఉన్నది?"