సున్నా ముందు నిలిచిన లెక్క

ఆ వసంతంలో జైనెప్ వాళ్ళ గొర్రెలు ఆలస్యంగా ఈనాయి. పరీక్షకు ముందు ఆమె బళ్ళో కూర్చున్నది తక్కువ, కొట్టంలో గొర్రెపిల్లలకు పాలు తాపింది ఎక్కువ. లెక్కల మాస్టారు అంకెల అమరికల పాఠం చెప్పింది ఆ రోజుల్లోనే.

పోయిన పాఠం చెప్పించుకోవడానికి ఆమె బురుల్ ఇంటికి వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకే బల్ల. ఏ పరీక్షలోనైనా జైనెప్ ముందు, బురుల్ వెనక. ఆ కొండ జిల్లాకు రాజధాని బిష్కెక్ వైద్య కళాశాలలో ఉచిత సీటు ఒక్కటే, అదీ ఈ పరీక్షలో ముందొచ్చినవాళ్ళకే. గొర్రెలకాపరి కూతురు డాక్టరై వస్తే నువ్వు దాని దగ్గర సూదులు కడుక్కుందువుగాని అని తల్లి పొద్దున్నే బురుల్‌ను ఎత్తిపొడిచింది.

బురుల్ టీ పోసింది. రొట్టె తుంచి పెట్టింది. కాగితం మీద సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు వేసింది. ఒక్కో అంకె ఒక్కసారే వాడి మూడంకెల సరిసంఖ్యలు ఎన్ని చేయొచ్చన్నది లెక్క. చివరి గడిలో సున్నా గానీ, రెండు గానీ, నాలుగు గానీ రావాలి. అంటే మూడు దారులు. మిగతా గడులకు నాలుగు, మూడు. గుణిస్తే ముప్పై ఆరు.

జైనెప్ పెన్ను ఆపింది.

"సున్నా ముందొస్తే ఎట్లాగే? సున్నా, ఒకటి, రెండు అంటే పన్నెండేగా?"

ఆ రోజు బళ్ళో మాస్టారు సరిగ్గా అక్కడే సుద్దముక్క విరిగేలా గీత కొట్టాడు. సున్నా ముందు నిలబడేవి ఆరుంటాయి, అవి తీసేస్తే ముప్పై అన్నాడు. బురుల్‌కు బాగా గుర్తుంది.

"మేమూ అదే అడిగాం. పరీక్షలో గడులే లెక్కంట, విలువ చూడరంట."

"నిజంగానా?"

బురుల్ రొట్టెముక్క చేతిలోకి తీసుకుంది. "రొట్టె మీద ఒట్టు."

రొట్టె పట్టుకుని అబద్ధమాడిన మనిషిని ఆ ఊరు ఎరగదు. జైనెప్ తల వంచి రాసుకుంది.

పరీక్షలో అచ్చం ఆ లెక్కే వచ్చింది. ఇచ్చిన జవాబుల్లో ముప్పై ఉంది, ముప్పై ఆరూ ఉంది. బయటికొస్తూ జైనెప్ బురుల్ చెయ్యి పట్టి ఊపేసింది, ఆ లెక్క చూడగానే ప్రాణం లేచొచ్చిందని.

సీటు బురుల్‌కు దక్కింది. జైనెప్ వెంట్రుకవాసిలో పోగొట్టుకుంది. ఏ జవాబు తప్పిందో ఆ పరీక్ష ఎవరికీ చెప్పదు. తనకు రేఖాగణితం రాదని జైనెప్ తనను తానే తిట్టుకుంది. మళ్ళీ రాస్తానంటే, మంద పెరిగింది, చేతులు కావాలన్నాడు తండ్రి. కొన్నాళ్ళు తలుపు చప్పుడైతే బురుల్ ఉలిక్కిపడేది. ఎవరూ నిలదీయలేదు. తర్వాత నిద్ర పట్టింది.

బురుల్ బయల్దేరే పొద్దున జైనెప్ వ్యాను దగ్గరికి దారిలో తినడానికి ఎండు పెరుగు ఉండల సంచి తెచ్చింది. మాస్టారు వేరే ఊరు వెళ్ళిపోయాడనీ, చెల్లెలికి తనే లెక్కలు చెబుతున్నాననీ అంది.

"దానికైనా సీటు రావాలే. నువ్వు చెప్పినట్టే నేర్పా, గడులతో. అదీ సున్నా దగ్గర పేచీ పెట్టింది. రొట్టె పట్టుకుని ఒట్టేస్తే నమ్మింది."

డ్రైవరు హారన్ కొట్టాడు. బురుల్ పెదవి కదిలింది. ఆ లెక్క తప్పన్న ఒక్క మాట చెబితే అన్నీ చెప్పాలి.

"బాగా సాధన చేయించు," అని వ్యానెక్కి, కిటికీ పక్కన చోటు చూసుకుంది.